నాన్న తెచ్చిన పసుపు రిబ్బను

మొన్న మా కొబ్బరితోటలో, పార వేసిన చోటల్లా తడి ఇసక వాసన గుప్పున కొడుతుంటే, సత్తిబాబు పైకెత్తిన గునపం ఎత్తినట్టే ఆపి "అక్కగారూ, ఇలా ఓసారి రండి. ఇక్కడేదో ఉందండి" అని కేకేసేడు. సత్తిబాబు మా ఊరి ఎలక్ట్రీషియను. తోట చివరున్న షెడ్డులో కొబ్బరినూనె తీసే మిషను పెట్టుకుందామని, దానికి పాత లైను చాలదని, ఇంటి మీటరు దగ్గర్నించి షెడ్డు దాకా భూమిలోంచి కొత్త కేబులు వేయిస్తున్నాను. పాత లైను నూతికి అవతలివైపు ఉందని, ఇటువైపు ఏమీ లేదు, హాయిగా తవ్వుకోమని పెద్ద తెలిసినదాన్లా నేనే చెప్పేను. వెళ్ళి చూద్దును కదా, నల్లమట్టిలోంచి బెత్తెడు వెడల్పున పసుపు రిబ్బను ఒకటి పైకి తేలి ఉంది. చీర చెంగుతో మట్టి తుడిచేను. ఎర్రటి అక్షరాలు, సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. రంగు ఇసుమంతైనా తగ్గలేదు. సత్తిబాబు ఇంకా ఏదో అడుగుతున్నాడు గానీ నాకు వినపడలేదు. నేనప్పటికే తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి, ఇలాంటి గాడి అంచునే కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను.

రాజోలు దగ్గర మా ఊళ్ళో అప్పుడూ ఇదే ఇల్లు, ఇల్లు వెనకాల నుయ్యి, నుయ్యి వెనకాల తోట, తోట చివర షెడ్డున్న చోట పాక. ఆ పాకే నా చిన్నతనం. రెండు నెలలకోసారి దింపు అయ్యేక కాయలన్నీ అక్కడ రాశి పోసి, నేలలో నిలువునా పాతిన గునపానికి ఒక్కొక్క కాయే గుచ్చి చర్రుచర్రున వలిచేవారు. వలిచిన డొక్కలు పాక పక్కన నా ఎత్తుకి రెండింతలు గుట్ట పడేవి. వాటిలో కొన్ని కాలవ గట్టున నెలల తరబడి నానేసి, కుళ్ళి నల్లబడ్డాక మా అమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కర్రలతో కొట్టి పీచు తీసి, పాకలో రాట్నం మీద తాడు పేనేవారు. ఆ కుళ్ళు పీచు వాసనకి బయటివాళ్ళు ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం అది అమ్మ వాసన. చలికాలంలో తంపట వేసిన తేగలు చీరుకుని తింటూ, గుట్టలో మొలకొచ్చిన కాయ దొరికితే రాయికేసి బద్దలుకొట్టి లోపలి కొబ్బరిపువ్వు నోట్లో కుక్కుకుంటూ, ఊడిపడ్డ కొబ్బరికమ్మమీద ఒకళ్ళని కూర్చోబెట్టి ఇంకొకళ్ళం ఈడ్చుకుంటూ తోటంతా తిరిగేవాళ్ళం. నారుకని దాచుకున్న కాయలు కొట్టేస్తున్నామని మా నాయనమ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, చీపురుపుల్ల పుచ్చుకుని వెంటపడేది. పట్టుకుంటే కొట్టేది కాదు, ఆ పువ్వులో తన వాటా తను లాక్కుని పోయేది.

పాకలో ఒక్క బల్బుండేది. ముసురు పట్టిన రోజుల్లో పట్టపగలే మసకేసిపోతే అమ్మ దాని కిందే కూర్చుని పేనేది. ఇంట్లోంచి అంత దూరం కరెంటు ఎలా వెళ్ళేదంటారా? కొబ్బరిచెట్టు నించి కొబ్బరిచెట్టుకి తీగ కట్టుకుంటూ వెళ్ళేదండి. నవ్వకండి, అప్పట్లో మా వైపు చాలా పాకలకి అలాగే వెళ్ళేది. కమ్మ పడితే ఊగేది, కాయ పడితే తెగేది, తెగిన చోట ముడేసి పాత గుడ్డ చుట్టి మళ్ళీ కట్టేవారు. ఒక వానాకాలం మధ్యాహ్నం ఎండుకమ్మ ఒకటి ఫెళ్ళున తీగమీద పడింది. తీగ తెగి తడి నేలమీద, మా పెయ్య గౌరిని కట్టిన చోట పడింది. గౌరి ఒక్కసారి కాళ్ళు బారజాపి పడిపోయింది. దాన్ని విప్పుకొద్దామని పరిగెడుతున్న నన్ను అమ్మ వెనకనించి జడ పట్టుకుని లాగేసింది. లాగిన లాగుకి నేను బురదలో వెల్లకిలా పడ్డాను, అమ్మ నామీద పడింది. ఇద్దరం అలా పడుండి, గౌరి కళ్ళు తెరుచుకునే చచ్చిపోవడం చూసేం. దాని మెడలో గంట తీయడానికి వారం రోజులు ఎవరికీ చేతులు రాలేదు.

నాన్న అప్పుడు మస్కట్‌లో ఉండేవాడు. రోడ్ల పక్కన గాళ్ళు తవ్వి కరెంటు కేబుళ్ళు పాతిపెట్టే కంపెనీలో పని. రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల సెలవు మీద వచ్చేవాడు. అమ్మకి చదువు లేదు గనక ఉత్తరాలు రాయడం నా వంతు. "పెయ్య చచ్చిపోయిందని రాయి. నువ్వక్కడున్నావని రాయకు, అంత దూరంలో ఉన్న మనిషి, కూడు సయించదు" అంది అమ్మ. నేను అంతా ఆవిడ చెప్పినట్టే రాసి, మడతేసే ముందు కింద చిన్నగా ఒక ముక్క ఇరికించేను. "నాన్నా, నేను కూడా అక్కడే ఉన్నాను."

మాఘమాసానికి ముందు నాన్న వచ్చేడు. మస్కట్ నించి మనిషొచ్చేడంటే అరుగు నిండా జనం. పెట్టె తాళం తీస్తుంటే మా నాయనమ్మ దగ్గర్నించి పక్కింటి వాళ్ళ దాకా అందరి మెడలూ అటే సాగేయి. ముందు నాకో గౌను తీసేడు, నాయనమ్మకి దుప్పటి తీసేడు. ఆ తరవాత బట్టల అడుగునించి రెండు చేతులా జాగ్రత్తగా ఒక పెద్ద పసుపు చుట్ట పైకెత్తేడు. అమ్మ మొహం వెలిగిపోయింది, పట్టుచీరనుకుంది కాబోలు. నాన్న చుట్ట విప్పితే అది ప్లాస్టిక్కు రిబ్బను. "ఏంట్రా ఇది, పెళ్ళిపందిరికి కట్టేదా?" అంది నాయనమ్మ. అరుగంతా గొల్లుమంది. "కంపెనీలో మిగిలిన ముక్కండి, సూపర్వైజర్ని అడిగి తెచ్చుకున్నాను. భూమిలో వెయ్యడానికి" అన్నాడు నాన్న, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆ మాటకి ఇంకా నవ్వేరు. బంగారం తెస్తాడనుకుంటే భూమికి రిబ్బను తెచ్చేడని ఊరు ఊరంతా చెప్పుకున్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు, లోపలికెళ్ళి అన్నం వార్చింది. అమ్మకి కోపమొస్తే గంజి వార్చిన చప్పుడే వేరుగా ఉండేది.

చుట్టాలిళ్ళన్నీ తిరిగొచ్చేసరికి సెలవు సగంపైన అయిపోయింది. ఆ మర్నాడే నాన్న ఇంటి గోడ దగ్గర్నించి పాక దాకా తాడు లాగి, చెట్ల పాదులకి దూరంగా ముగ్గుతో గీత గీసి, ఇద్దరు మనుషుల్ని పెట్టి తనూ పార పట్టుకున్నాడు. మోకాలి లోతు చాలదా అంటే చాలదన్నాడు, నా నడుం లోతు తవ్వించేడు. నేను కొలబద్దని. రోజుకి పదిసార్లు నన్ను గాడిలోకి దింపి నించోబెట్టి "ఇంకా బెత్తెడు" అనేవాడు. ఆ పదిహేను రోజులూ బడినించి రావడం, పుస్తకాలు విసిరెయ్యడం, గాడిలోకి దూకడం. చల్లటి మట్టిగోడకి వీపు ఆనించి కూర్చుంటే పైన నాన్న కాళ్ళు, ఆకాశం, కొబ్బరాకులు మాత్రమే కనిపించేవి. రెండేళ్ళపాటు ఉత్తరంలో చేతిరాతగా ఉన్న నాన్న, ఇప్పుడు చెమట వాసనతో, బీడీ వాసనతో, చేతికందేంత దగ్గర్లో ఉండేవాడు. ఎంత బాగుండేదో చెప్పలేను.

ఒకరోజు అమ్మతో అంటున్నాడు. "ఆ కరెంటు భూమిలోకి దిగితే గానీ నేను విమానం ఎక్కను. నువ్వేం బెంగెట్టుకోకు." నాతోనేమో "పని అయిపోతే రెండ్రోజులు మిగులుతాయే అమ్మాయ్. నిన్ను అంతర్వేది తీసుకెళ్తాను. గోదారి నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసేచోట రెండు రంగులు ఎలా ఉంటాయో చూపిస్తాను" అన్నాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు ఆలోచించేను. అంతర్వేది ఎక్కడికి పోతుంది? నాన్నే పోతాడు. పని అవకపోతే విమానం ఎక్కడు, ఆయనే అన్నాడు కదా. అంతే, ఇంక నా బుర్ర వేరే దారి తొక్కలేదు. పని అయినా కాకపోయినా సెలవు అయిపోయే రోజు మాత్రం కదలదన్న సంగతి తట్టలేదు.

గాడి పూర్తయిన మర్నాడు నాన్న కేబులు కొనడానికి అమలాపురం బస్సెక్కేడు. అమ్మ పీచు కొట్టడానికి కాలవకి వెళ్ళింది. నాయనమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని గాడి పొడుగునా అటూ ఇటూ తిరుగుతోంది. మీకు మా వైపు మనుషుల సంగతి తెలియాలి. కొబ్బరితోటలో గాడి తవ్వేరంటే డొక్కలు పాతడానికే. డొక్కల్ని వెల్లకిలా వరసలు పేర్చి, ఉప్పు చల్లి, మట్టి కప్పితే వేసవంతా చెమ్మ నిలుస్తుంది, చెట్టు కాయ నిలుపుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ అదే చేసిన మనిషికి, పక్కన అంత డొక్కల గుట్ట పెట్టుకుని గాడి ఖాళీగా ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. "ఏవే, మీ నాన్న దీన్నిలా వదిలేసి పోయేడేంటే?" అంది.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "డొక్కలు వేయించమన్నాడు నాయనమ్మా."

"ఆయ్! అలా చెప్పు మరి!" అని ఆవిడ పమిట బిగించి, పనివాళ్ళిద్దర్నీ పిలిచింది. సాయంత్రానికి గాడి ఈ చివర్నించి ఆ చివరిదాకా డొక్కలు, వాటిమీద గంపలకొద్దీ ఉప్పు, ఆపైన మట్టి, మట్టిమీద నీళ్ళు. తొక్కి చదునుచేసి మరీ మురిసిపోయింది. నేనూ తొక్కేను. ఎగిరెగిరి తొక్కేను.

రిక్షాలో కేబులు చుట్ట వేసుకుని నాన్న దిగేసరికి పొద్దు వాలుతోంది. నేను పాకలోకి పరిగెత్తి పీచుకట్టల వెనకాల దూరేను. తడికె సందులోంచి చూస్తే, నాన్న చదునుగా ఉన్న నేలకేసి కాసేపు చూసేడు. నాయనమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. నాన్న పాకవైపు ఒకసారి తిరిగేడు. కొట్టడానికి వస్తున్నాడని కళ్ళు మూసుకున్నాను. రాలేదు. తెరిచేసరికి పంచె ఎగ్గట్టి పార తీసుకుంటున్నాడు. అన్నాల దగ్గర నాయనమ్మే "నాకే మతి లేకపోయిందిరా అబ్బాయ్, పాత అలవాటు" అని సర్దేసింది. నావైపు చూడను కూడా లేదు. ఆ ముసిల్ది నన్ను కాచేస్తోందని తెలిసి అన్నం సగంలో వదిలేసి లేచేను.

డొక్కలు ఏరెయ్యడానికి ఒక రోజు, ఉప్పు పట్టిన మట్టి చెక్కేసి పారబొయ్యడానికి ఇంకో రోజు. డొక్కలుంటే చెమ్మ నిలుస్తుంది, పందికొక్కులు కాపురం పెట్టి కేబులు కొరుకుతాయి, ఉప్పు దానిమీది ఇనప తొడుగుని తినేస్తుంది అని నాన్న పనివాళ్ళకి చెప్తున్నాడు. మూడో రోజు పొద్దున్నే కరెంటు పోయేలా మీటరు దగ్గర ఫీజు కట్టలు పీకి చొక్కా జేబులో వేసుకుని, "ఇవి నా జేబులో ఉన్నంతసేపే వైరు ముట్టుకోవడం" అని నన్ను గాడిలోకి దింపేడు. అడుగున చేతులతో మెత్తగా ఇసక పరిచేం, రాయి అన్నది తగలకుండా. దానిమీద కేబులు, ఎక్కడా అతుకు లేకుండా ఒకటే ముక్క. మళ్ళీ ఇసక. ఇసక మీద, పడిపోయిన పశువుల సావిడి గూనపెంకులు వరసగా బోర్లించేం. ఆపైన మట్టి సగం పోసి కూరేక, అందరూ నవ్విన పసుపు రిబ్బను పొడుగునా పరిచేడు.

"ఇదెందుకు నాన్నా? కరెంటుకి పనికిరాదు కదా" అన్నాను.

"కరెంటుకి కాదే. ఎప్పుడో ఎవరో ఇక్కడ తవ్వుతారు. కింద కరెంటుందని వాళ్ళకి చెప్పడానికి మనం ఉండొద్దూ? మనం ఉండం. ఇది ఉంటుంది" అన్నాడు. అని నా అరచేతిలో మట్టి దులిపి, ఆ చెయ్యి కాసేపు వదల్లేదు.

పాక దగ్గర ఎర్తు గొయ్యి తీసి బొగ్గూ ఉప్పూ వేసి, "ఉప్పు ఇక్కడ వెయ్యాలమ్మా" అని నాయనమ్మని ఆటపట్టించేడు. దాంట్లో రోజూ ఓ చెంబుడు నీళ్ళు పొయ్యమని అమ్మకి ఒప్పజెప్పేడు. పాకలో బల్బు వెలిగింది. చెట్లమీది తీగ మొత్తం లాగేసి చుట్టేసేడు. ఆ మర్నాడే ప్రయాణం. అంతర్వేదికని ఉంచిన రెండు రోజులూ డొక్కలకింద పోయేయి. పెట్టె పుచ్చుకుని రాజోలు బస్సెక్కుతూ "వచ్చే సెలవుకి తప్పకుండా" అన్నాడు. చెప్పేద్దామనుకున్నాను. బస్సు కదిలింది. వచ్చే సెలవుకి అంతర్వేదిలో, నీళ్ళ ముందు నించుని చెప్తే కోప్పడడులే అనుకున్నాను.

ఆ వచ్చే సెలవుకి నాకు జ్వరం. ఆపై సెలవుకి వరద. తరవాత దానికి నా పెళ్ళి. మోకాళ్ళు అరిగి నాన్న మొత్తానికి వచ్చేసేటప్పటికి ఎక్కడికీ కదలలేని మనిషై, అరుగుమీద పడక్కుర్చీలో కూర్చునేవాడు. నేను అంతర్వేది ఎన్నిసార్లు వెళ్ళేనో. రెండు రంగుల నీళ్ళూ చూసేను. ప్రతిసారీ పక్కన ఖాళీగా అనిపించేది. ఆ డొక్కల మాట మాత్రం నాన్నకి చెప్పలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

"అక్కగారూ!" అని సత్తిబాబు గట్టిగా అరిస్తే ఈ లోకంలోకి వచ్చేను. అతను షెడ్డుకేసి వేలు చూపిస్తున్నాడు. లోపల బల్బు వెలుగుతోంది. "లైను దీని కిందే ఉందండి. మీరు లేదన్నారు కదాని నేను ఫీజు పీకలేదండి. ఇంకో రెండు పోట్లు పడుంటే..." అని తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. నా చేతులతో ఇసక పరిచిన గాడి, పాత చెట్లు పోయి కొత్తవి వచ్చేసరికి ఎక్కడుందో నేనే మరిచిపోయేను. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి తొమ్మిదేళ్ళు. పరిగెత్తికెళ్ళి ఫీజు కట్టలు నేనే పీకి తెచ్చి అతని జేబులో వేసేను.

అంతలో అమ్మ చెంబుతో వస్తోంది. ఎనభయ్యోపడిలో పడ్డా ఎర్తు గొయ్యికి నీళ్ళు మాత్రం ఆవిడే పొయ్యాలి. నా చేతిలో రిబ్బను చూసి ఆగింది. చెంబు కింద పెట్టి, రెండు చేతులా ఆ చివర పట్టుకుని, "నా పట్టుచీర" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకింక ఆగలేదు. "అమ్మా, ఆ డొక్కలు వేయించింది నాయనమ్మ కాదే. నాన్న చెప్పేడని నేనే అబద్ధం చెప్పేను" అన్నాను. ఇంత వయసొచ్చి, మనవల్నెత్తేక, వెక్కిళ్ళు పెట్టి ఏడిచేను.

"మీ నాన్నకి తెలుసే" అంది అమ్మ, పెద్ద వింతేమీ లేనట్టు. "రిక్షా దిగంగానే మీ నాయనమ్మ అడగనే అడిగింది, నువ్వే వెయ్యమన్నావటగా అని. ఆయన అర్థం చేసుకున్నారు. నేను నిన్ను నాలుగు తిడతానంటే పడనివ్వలేదు. 'నన్ను వెళ్ళొద్దని ఇంట్లో ఒక్కళ్ళూ అనలేదు, అదొక్కతే అంది, దాన్నేమీ అనకు' అన్నారు. అని, ఇదిగో, ఆ నూతి పళ్ళెం గట్టు మీద కూర్చుని ఏడిచేరు."

ఇప్పుడు పాక లేదు, పీచు కొట్టే చప్పుడు లేదు, డొక్కల గుట్ట లారీ ఎక్కి ఎక్కడికో పోతుంది, నాయనమ్మ లేదు, బస్సు దిగి పెట్టె మోసుకుంటూ వచ్చే నాన్న లేడు. కొత్త గాడి మూడు బారలు పక్కకి జరిపి తవ్వించేను. ఇసక నేనే పరిచేను. "కొత్త రిబ్బను బజార్లో దొరుకుతుందండి, తెస్తాను" అన్నాడు సత్తిబాబు. తెమ్మన్నాను, కొత్త లైనుమీద అది పరిపించేను. నాన్నదాన్ని మట్టి కడిగి, దాని చోట్లో దాన్నే, అరచేతులతో చదును చేసుకుంటూ మళ్ళీ పరిచేను. కాసింత ముక్క కోసుకుని దాచుకుందామని కత్తెర తెచ్చుకున్నాను గానీ, కొయ్యలేదు. ఎప్పుడో ఎవరో ఇక్కడ తవ్వుతారు. అప్పటికి నేను ఉండను.